శేఠ్ కెమెరా వైపు తిరిగిన రోజు

చేతిలో ఫోను ఒకటి ఉంటే చాలు, ఈ రోజుల్లో ఎవరైనా పొద్దున ఛానెల్ పెట్టి సాయంత్రానికి మూసేసుకోవచ్చు. తప్పేమీ లేదు. మీ వయసులో ఆ ఫోను నాకుంటే నేనూ అదే చేసేవాణ్ణి. నేను చెప్పబోయేది మాత్రం ఒక బస్తీ మొత్తం కలిసి పెట్టుకున్న ఛానెల్ గురించి. దాన్ని నా చేతులారా దాదాపు ముంచేశాను. ఆ సంగతి ఎవరో ఒకరు రాయక తప్పదు, ముంచినవాడే రాస్తే కాస్త మర్యాదగా ఉంటుందని కూర్చున్నాను.

సూరత్‌లో ముప్ఫై ఏళ్ళు కేబుల్ టీవీ పని చేశాను. మొదట్లో స్తంభాలెక్కి తీగలు లాగేవాణ్ణి. మోకాళ్ళు మొరాయించాక కంట్రోల్ రూములో కూర్చోబెట్టారు. మాది జగిత్యాల వైపు పల్లె. మా నాన్న, ఇద్దరన్నలు, మేనమామ, అందరూ ఇక్కడి మరమగ్గాల మీద బతికినవాళ్ళే. మా వాళ్ళు వాటిని సాంచాలంటారు. ఇంటిల్లిపాదిలో నేనొక్కణ్ణే సాంచా ముట్టుకోలేదు. ఆ చప్పుడు నాకు పడేది కాదు, కారఖానాలో అరగంట నిలబడితే తల దిమ్మెక్కేది. దానికి మా నాన్న చాలా బాధపడ్డాడు, మా అమ్మ చాలా సంతోషించింది. అలా నా చెవులు నాకు దక్కాయి. అందరి చెవులూ పోయిన చోట నావి బాగున్నాయని కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వమే తర్వాత కొంప ముంచింది.

సాంచాల కారఖానా లోపలికి ఎప్పుడూ వెళ్ళనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. అక్కడ గొంతుతో పనిలేదు. ఎంత అరిచినా పక్కవాడికి వినబడదు. అందుకని వాళ్ళు గొంతు వాడరు, పెదవులు మాత్రం బాగా సాగదీసి, నోరు పెద్దగా తెరిచి మాట్లాడతారు. అవతలివాడు ఆ నోటిని చూసి మాట పట్టుకుంటాడు. పది సాంచాల అవతల ఉన్నవాడితో కూతురి పెళ్ళి మాటలు కూడా అలాగే నడుస్తాయి. హిందీ, గుజరాతీ, తెలుగు, ఒడియా, ఏ భాషయినా సరే. ఏళ్ళ తరబడి చేసినవాళ్ళకు అది ఒక విద్య అని కూడా తెలియదు. మా ఇంట్లో నాన్నా అన్నలూ అన్నం తింటూ చప్పుడు లేకుండా మాట్లాడుకుంటుంటే, నన్ను తిడుతున్నారేమో అని నాకు అనుమానంగా ఉండేది. చాలాసార్లు తిట్టేవారు కూడా.

ఛానెల్ ఆలోచన లాక్‌డౌన్‌లో పుట్టింది. సాంచాలన్నీ ఆగిపోయి బస్తీ మొదటిసారి నిశ్శబ్దంగా ఉన్న రోజులవి. ఒకరోజు వరంగల్‌కు బండి ఉందని పుకారు లేచింది. మూటాముల్లె నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని మా బస్తీ ఉన్న లింబాయత్ పేటలో సగం జనం స్టేషను దారి పట్టింది. బండీ లేదు, గిండీ లేదు. ఎండలో వెళ్ళినవాళ్ళు ఎండలోనే వెనక్కి వచ్చారు. టీవీల్లో వార్తలకేం తక్కువ లేదు. గుజరాతీలో గుజరాత్ గురించి, హిందీలో ఢిల్లీ గురించి, తెలుగులో హైదరాబాద్ గురించి రోజంతా చెప్పేవారు. మా గల్లీ గురించి మాత్రం ఏ భాషలోనూ లేదు.

అప్పుడు ముందుకొచ్చింది మా పెద్దన్న. సొంత అన్న కాడు, బస్తీలో అందరూ ఆయన్ని అలాగే పిలిచేవారు. పక్కనే ఉన్న ఉధనాలో ఒకే కారఖానాలో ఇరవయ్యారేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. అంతకు ముందు ఇంకెక్కడెక్కడో. చెవులు రెండూ పోయాయి. ఎదురుగా కూర్చుని ముఖం చూపిస్తే ఎంతసేపైనా మాట్లాడతాడు, వెనక నుంచి పిలిస్తే మాత్రం పలకడు. లాక్‌డౌన్ సడలిన కొత్తలో మా ఇంటికొచ్చి, ముందు చాయ్ తాగి, తర్వాత విషయం చెప్పాడు.

"మనకొక టీవీ గావాలె తమ్మీ. నాకొకటి నీకొకటి గాదు, అందరికి కలిపి ఒక్కటి. నువ్వు దాంట్లనే ఉన్నవ్ గదా, ఎట్ల పెడ్తరో చెప్పు."

అలా సంఘం ఏర్పడింది. నియమాలు ఆయనే పెట్టించాడు. ఇంటికి ఒకే వాటా, ఒకే ఓటు. రెండు వాటాలు కావాలన్న కిరాణా దుకాణం ఆయన్ని నవ్వుతూనే వెనక్కి పంపారు. ఏ వారం ఏమి చూపించాలో ఆ వారం వంతు వచ్చిన గల్లీవాళ్ళు కూర్చుని నిర్ణయించుకోవాలి. ఒక గల్లీ ఆడవాళ్ళు మూడు వారాలు వరసగా బతుకమ్మ పాటలే కావాలని పట్టుబట్టి తమ వంతు కాని వారాలు కూడా లాగేసుకున్నారు. దాని మీద జరిగిన తగువు వేరే రాయాలి.

మా కేబుల్ యజమాని గుజరాతీ మనిషి. ఖాళీగా పడున్న ఒక ఛానెల్ నంబరు ఇచ్చాడు. ఆదివారం పొద్దున పది నుంచి పదకొండు దాకా కార్యక్రమం, మిగతా సమయమంతా రైళ్ళ వేళలు, ఎవరికైనా రక్తం కావాలంటే ఆ కబురు, ఊళ్ళో ఎవరైనా పోతే ఆ కబురు. నంబరుతో పాటు నన్ను కూడా అరువిచ్చాడు. ఒక్కటే షరతు పెట్టాడు, తన దాకా ఫిర్యాదు రాకూడదు. వస్తే నంబరు వెనక్కి.

చదివేందుకు ఒక అమ్మాయి దొరికింది. సాంచాల కార్మికుడి కూతురు, కాలేజీలో చదువుతోంది. తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. వార్తలు గుజరాతీ అక్షరాల్లో రాసుకుని తెలుగులో చదివేది. ఒక్క తప్పు పోయేది కాదు. కెమెరా, కత్తిరింపు నా పని. కంట్రోల్ రూము పక్కనున్న సామాను గదిలో పాత సెట్‌టాప్ బాక్సులు ఒక మూలకు నెట్టి దాన్నే స్టూడియో అన్నాం.

మొదటి వారాల్లో తల ప్రాణం తోకకొచ్చింది. మైకు ముందు పెడితే మా వాళ్ళలో సగంమంది చెవులు చిల్లులుపడేలా అరిచేవారు. మిగిలిన సగంమంది అలవాటు కొద్దీ గొంతే లేకుండా పెదవులు ఆడించేవారు. పైగా కెమెరా మీద ఎర్ర దీపం వెలగగానే ఎంత కలుపుగోలు మనిషైనా ఆధార్ కార్డు ఫోటోలోలా బిగుసుకుపోయేవాడు. అందుకని నేనొక ఉపాయం చేశాను. ఆ ఎర్ర దీపానికి నల్ల టేపు అంటించాను. కెమెరా నడుస్తోందో లేదో ఎవరికీ తెలియదు. ముఖాలు మామూలుగా ఉండేవి. ఈ ఉపాయానికి నన్ను నేను చాలాసార్లు మెచ్చుకున్నాను.

ఆ దసరాకు పెద్దన్న పనిచేసే కారఖానాలో మెషీన్ల పూజ చూపిద్దామనుకున్నాం. శేఠ్‌లు, అంటే కారఖానా యజమానులు, సాధారణంగా కెమెరాలను లోపలికి రానివ్వరు. ఈయన రానిచ్చాడు. మా ఛానెల్‌కు తలుపు తీసిన మొదటి శేఠ్. నలభై అయిదేళ్ళు ఉంటాయేమో, చిన్నప్పటి నుంచి తండ్రితో ఆ సాంచాల మధ్యే తిరిగి పెరిగినవాడు. ఆయన్ని ఎలాగైనా సంతోషపెట్టాలి, ఇంకో నలుగురు శేఠ్‌లు తలుపు తీస్తారని నా ఆశ.

పూజకు ముందు బంతిపూల దండలు వేసిన సాంచాలు నడుస్తుంటే తీద్దామని వరస చివర గోడ దగ్గర కెమెరా స్టాండు మీద నిలబెట్టి, దాన్ని అలాగే నడవనిచ్చి బయటికెళ్ళాను. చప్పుడుకు తల పగిలిపోతోంది మరి. చాయ్ తాగి, ఇంకొక చాయ్ కూడా తాగి వచ్చేసరికి పూజ మొదలవుతోంది.

ఇంటికొచ్చి చూస్తే, నేను లేనప్పటి దాంట్లో శేఠ్ బ్రహ్మాండంగా పడ్డాడు. పనిచేసేవాళ్ళ వైపు వీపు పెట్టి, కెమెరాకు ఎదురుగా నిలబడి, తన మాస్టర్‌తో ఏదో మాట్లాడుతున్నాడు. మాస్టర్ అంటే కారఖానాలో పని చూసే పెద్ద. శేఠ్ కొత్త కుర్తా, నుదుట కుంకుమ, వెనక పూలదండలు. మాటలేమీ వినబడవు, అంతా సాంచాల రొద. అమ్మాయి చూసి, శేఠ్ హీరోలాగా ఉన్నాడు కాకా అంది. నాకు ఉత్సాహం ఎక్కువైంది. ఆ ముక్కను ముఖం తెర నిండేంత దగ్గరగా లాగి, వేగం తగ్గించి, కార్యక్రమం మొదట్లో ఒకసారి, చివర్లో ఇంకొకసారి పెట్టాను. రొద తీసేసి సన్నాయి వేశాను. అమ్మాయి చదువుకున్న పిల్ల, సాంచాలెరగదు. నేనా, చెవులు కాపాడుకున్నవాణ్ణి. మా ఇద్దరికీ ఆ పెదవుల్లో ఏమీ కనిపించలేదు.

దసరా తర్వాత వచ్చిన ఆదివారం పది గంటలకు అది ప్రసారమైంది. ప్రతివారం కార్యక్రమం అవుతుండగానే ఫోన్లు మొదలయ్యేవి, మా అత్త కనబడలేదేంది, పాట మళ్ళీ వెయ్యండి అని. ఆ రోజు ఒక్క ఫోనూ రాలేదు. అందరూ మైమరచి చూస్తున్నారనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

పదకొండు దాటాక పెద్దన్న వచ్చాడు. చెప్పులు కూడా లేవు. శేఠ్ ముక్క మళ్ళీ పెట్టమని చేత్తో చూపించాడు. పెట్టాను. తెరకు జానెడు దూరంలో నిలబడి చూశాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి ఆయన పెదవులు కూడా శేఠ్ పెదవులతో పాటు కదిలాయి. అప్పుడు నా వైపు తిరిగి, శేఠ్ హిందీలో అన్నదాన్ని తెలుగులో చెప్పాడు.

"దివాళీ సెలవులకు వీళ్ళందరు ఊర్లకు పోతరు. గప్పుడు సాంచాలు పీకించి పాత ఇనుము కింద కబాడీకి ఏసేద్దం. కిమ్‌ల కొత్త మెషీన్లు పెడుతున్న. వీళ్ళకు ఇప్పుడే చెప్పకు, పని చెడగొడ్తరు. గిదన్నడు తమ్మీ. రెండుసార్లు చూపెట్టినవ్ నువ్వు."

కిమ్ అంటే సూరత్ దాటి వెళ్ళాల్సిన ఊరు. శేఠ్ తెలివైనవాడే. సాంచాల మధ్య పుట్టిపెరిగిన మనిషికి పనివాళ్ళు నోరు చదువుతారని తెలియదా. అందుకే వాళ్ళకు వీపు పెట్టి మరీ మాట్లాడాడు. ఎదురుగా గోడ ఉంది, గోడ దగ్గర నా కెమెరా ఉంది, దాని దీపానికి నల్ల టేపు ఉంది. ఆయన దృష్టిలో అది ఆగిపోయిన కెమెరా. చప్పుడులో మాస్టర్‌కు అర్థమయ్యేలా ప్రతి మాటా నోరు బాగా తెరిచి చెప్పాడు. నేను దాన్ని ఇంకా నెమ్మదిగా, ఇంకా పెద్దగా చేసి బస్తీలో ప్రతి ఇంటికీ పంపించాను.

అరవై మంది దాకా పనిచేసే కారఖానా అది. దీపావళికి రెండు వారాలుంది. అందరి రైలు టిక్కెట్లూ తీసి ఉన్నాయి.

ఒంటిగంటకు మా యజమాని పిలిపించాడు. అప్పటికే శేఠ్ ఆయనకు ఫోను చేసి నానా మాటలూ అన్నాడట. ఇద్దరూ ఒకే హౌసింగ్ సొసైటీలో ఉంటారు. యజమాని నా మీద అరవలేదు. అరిస్తే బాగుండేది. సాయంత్రం ఆరింటికి మీ పెద్దాయన తెర మీద కూర్చుని, శేఠ్ మాట్లాడింది పూజ సామాను గురించి, జనం తప్పుగా అనుకున్నారు అని చెప్పాలి, అన్నాడు. చెబితే నంబరు ఉంటుంది. ఇంకేం చెప్పినా వెంటనే కట్ చేయాలి, చేయాల్సింది నువ్వే, అని కూడా అన్నాడు. నా రిటైర్మెంటుకు ఇంకా తొమ్మిది నెలలుంది. ఆ మాట ఆయన అనలేదు, నేనే అనుకున్నాను.

మూడింటికి సంఘం హాల్లో సభ పెట్టాం. అంతమంది ఎప్పుడూ రాలేదు. ముందు నేను లేచి నా తప్పు ఒప్పుకున్నాను, టేపు సంగతితో సహా. ఎవరూ తిట్టలేదు. యజమాని షరతు చెప్పాక హాలు రెండుగా చీలింది. నేను అనుకున్నట్టు కాదు, అడ్డదిడ్డంగా. ఆ కారఖానా వాళ్ళలోనే సగంమంది శేఠ్ అడిగినట్టు చెప్పేద్దామన్నారు. ఆయనకు కోపమొస్తే కొత్తచోట ఒక్కరిని కూడా తీసుకోడని వాళ్ళ భయం. ఒకడు లేచి అన్న మాట నాకు చాలా సబబుగా తోచింది. అబద్ధం చెబితే నష్టం ఎవరికి, మాకు తెలియాల్సింది తెలిసిపోయింది కదా, నంబరన్నా మిగులుతుంది, అన్నాడు. కేబుల్ మనిషినని నేను వాటా తీసుకోలేదు, కాబట్టి ఓటూ లేదు. ఉంటే అటే వేసేవాణ్ణి, ఇప్పుడు దాచడమెందుకు.

పెద్దన్న అందరి నోళ్ళూ చూస్తూ కూర్చున్నాడు. ఎవరు లేస్తే అటు తిరిగేవాడు. చివరికి ఆయన వంతు వచ్చింది.

"ఇయ్యాల మనకు ఎర్కనే. సరే. ఎల్లుండి టీవీల చెప్తం, ఫలానోళ్ళకు రక్తం గావాలె అని. గప్పుడు నువ్వు లేసి దవాఖానకు పోతవా, గిది గుడ గట్లనే అని పంటవా? నేనైతే పంట. అబద్ధం చెప్పింది నేనే అయినా పంట."

ఆయన ఇంకొక మాట కూడా అన్నాడు. శేఠ్ మనకు చెప్పుకున్న మాట కాదది, మనం చాటు నుంచి చూశాం, దానికి మాఫీ అడగాలి, అది మన తప్పు. కానీ ఆయన అనలేదని మనం అనకూడదు. అది ఆయన చెప్పుకోవాల్సిన మాట.

చేతులెత్తమన్నారు. అమ్మాయి లెక్కపెట్టింది. మాఫీ అడుగుదాం, అబద్ధం వద్దు అన్నవాళ్ళే ఎక్కువ. మరీ ఎక్కువేమీ కాదు. అబద్ధం చెబుదామన్న ఆ కారఖానా మనిషి ఓడిపోయాక కుర్చీలు సర్దడానికి ఆగాడు, నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆరింటికి పెద్దన్న తెల్ల చొక్కా వేసుకుని స్టూడియోలో కూర్చున్నాడు. నేను కెమెరాకు అంటించిన టేపు పీకేశాను. ఎర్ర దీపం వెలిగింది. ఆయన బిగుసుకుపోలేదు. దీపాన్ని ఒకసారి చూసి, హిందీలో మొదలుపెట్టాడు, శేఠ్‌కు అర్థం కావాలని. మా కెమెరా నడుస్తోందని మీకు చెప్పకపోవడం తప్పు శేఠ్, బస్తీ తరఫున మాఫీ అడుగుతున్నాను, అన్నాడు. ఇకమీద దీపానికి టేపు ఉండదు, అన్నాడు. మీరన్న మాట మేము చూశాం, చూడలేదని చెప్పలేం, అన్నాడు.

అద్దం ఇవతల కంట్రోల్ రూములో నా ముందున్న ఫోను మోగింది. యజమాని. ఒక్కటే మాట, బంద్ కర్ అని. ఆ మీట నా కుడిచేతికి బెత్తెడు దూరంలో ఉంది. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఆపమన్నది ఆపకుండా ఉన్నది లేదు. ఒకసారి క్రికెట్ ఫైనల్ కూడా ఆపేసి వీధి జనం చేత తిట్లు తిన్నాను. ఆ రోజు ఆపలేదు. ధైర్యమని మీరు అనుకోవద్దు. ఫోను పెట్టేసే ధైర్యం కూడా లేక, రిసీవరును చప్పుడు కాకుండా బల్ల మీద పడుకోబెట్టాను. అందులోంచి ఆయన గొంతు కాసేపు సన్నగా వినబడింది. మీట వైపు చెయ్యి వెళ్ళలేదు. అంతే నేను చేసింది.

కార్యక్రమం ఫోను మోగింది. అమ్మాయి ఎత్తింది. ముఖం మారిపోయింది. శేఠ్. తెర మీద మాట్లాడతానంటున్నాడు. ఆమె స్పీకరు పెట్టింది. ఆయన గొంతు గదంతా నిండింది, వేగంగా, కోపంగా. పెద్దన్న ఆ ఫోను వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒక్క ముక్క పట్టుకోలేకపోతున్నాడు. ఫోనుకు పెదవులు లేవు. శేఠ్ ఊపిరి తీసుకునేందుకు ఆగినట్టుంది, అమ్మాయి సైగ చేసింది. అప్పుడు పెద్దన్న కూడా హిందీలోనే ఒక మాట అన్నాడు, మన భాషలో ఇలా ఉంటుంది.

"శేఠ్, నాకు ఇనబడది. నీ సాంచాల కాడనే పోయినయ్ నా చెవులు. తిట్టాల్నంటె తిట్టు గని, ఈడికొచ్చి నా ఎదురుంగ కూసొని చెప్పు. మొకం చూస్తె నాకు సమజైతది."

ఫోను కట్ అయింది. అమ్మాయి ఇంకొక కుర్చీ తెచ్చి పెద్దన్న ఎదురుగా వేసింది. ఏం చేయాలో నాకు పాలుపోలేదు. పాట వేద్దామా అంటే అమ్మాయి వద్దంది. దాదాపు ఇరవై నిమిషాలు మా ఛానెల్లో ఒక ముసలాయన, ఒక ఖాళీ కుర్చీ తప్ప ఏమీ కనబడలేదు. ఛానెళ్ళు నడిపే మీకు తెలుసు, అరనిమిషం ఖాళీ ఉంటే చూసేవాడు వెళ్ళిపోతాడు. ఆ రోజు ఒక్కరూ వెళ్ళలేదని తర్వాత తెలిసింది. బస్తీలో పొయ్యిల మీద కూరలు మాడిపోయాయట.

శేఠ్ వచ్చాడు. ఇంట్లో తొడుక్కునే బట్టల్లోనే, పెళ్ళాం బలవంతాన పంపినట్టు కనిపించాడు. నిజంగా ఆవిడే పంపిందని చాలా రోజుల తర్వాత విన్నాను. కుర్చీలో కూర్చుని ముందు కెమెరా దీపం చూశాడు, తర్వాత పెద్దన్న ముఖం చూశాడు. అమ్మాయి మైకు సరిచేయబోతే వద్దన్నాడు. కారఖానాలో మాట్లాడినట్టే, ప్రతి మాటా నోరు బాగా తెరిచి చెప్పాడు. సాంచాలు పాతబడిపోయాయి, కొత్త మెషీన్లు లేకపోతే తనే మునిగిపోతాడు, కిమ్‌లో షెడ్డు తయారవుతోంది. అక్కడికి సగంమంది సరిపోతారు. ఉధనా నుంచి బస్సు పెడతాడు. పెద్దన్న మిగతావాళ్ళ సంగతి అడిగాడు. ఎవరెవరిని తీసుకుంటాడో దీపావళికి ముందే పేర్లు చెబుతానని, ఊరి శివార్లలోని కడోదరాలో తనకు తెలిసిన ఇద్దరు శేఠ్‌లతో మిగతావాళ్ళ గురించి మాట్లాడతానని అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు. ఆయనే, భయమేసింది అన్నాడు.

పెద్దన్న తలూపాడు. తర్వాత, "నేను?" అని అడిగాడు. అంతే, ఒక్క మాట.

శేఠ్ తల దించుకున్నాడు. దించుకునే ఏదో అన్నాడు. పెద్దన్న అలాగే చూస్తున్నాడు. ముఖం కిందికి ఉంటే ఈయనకు అర్థం కాదని శేఠ్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట రెండోసారి చెప్పడానికి ఆయన తలెత్తాల్సి వచ్చింది. కళ్ళలోకి చూసి చెప్పాల్సి వచ్చింది.

"నీకు కష్టమైతది కాకా. అవి కొత్త మెషీన్లు."

ఇరవయ్యారేళ్ళు. అద్దం అవతల కూర్చున్న నాకు ఏడుపొచ్చింది, సిగ్గేమీ లేదు. పెద్దన్న మాత్రం, మంచిగ చెప్పినవ్ శేఠ్, అన్నాడు. ఎగతాళి కాదు. ఎదురుగా కూర్చుని చెప్పినందుకు నిజంగానే అన్నాడు.

మరునాడు నన్ను పనిలోంచి తీసేస్తారని టిఫిన్ డబ్బా కూడా తీసుకెళ్ళలేదు. యజమాని నాతో మాట్లాడలేదు. నంబరూ తీయలేదు. వ్యాపారం చేసే మనిషి, ముందు రోజు సాయంత్రం బస్తీ మొత్తం ఏ నంబరు మీద కూర్చుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. రిటైరయ్యే దాకా నాకు పని చెప్పాలంటే పక్కవాడికి చెప్పి వాడిచేత చెప్పించేవాడు. చివరి రోజున మాత్రం లేచి చెయ్యి కలిపాడు.

మీలో ఎవరైనా నలుగురు కలిసి ఇలాంటిది పెట్టాలనుకుంటే, కెమెరా మంచిది కొనండి, మైకు ఇంకా మంచిది కొనండి. దీపానికి టేపు మాత్రం వేయకండి. నన్ను అడిగితే నేను చెప్పగలిగిన సాంకేతిక సలహా అదొక్కటే. మిగతావన్నీ ఆ అమ్మాయిని అడగండి, ఇప్పుడు ఆమే చూస్తోంది. ఫోన్లలో కూడా వస్తోంది ఛానెల్. కిమ్ వెళ్ళినవాళ్ళు అక్కడినుంచి తమ గల్లీ వారం తామే తీసి పంపుతున్నారు. పెద్దన్న ఆదివారాలు వార్తలు చెబుతాడు. చెవులు వినబడనివాళ్ళ కోసం కింద అక్షరాలు వేద్దామని ఎవరో అంటే, ఎందుకు, నా మూతి కనబడుతలేదా అన్నాడు.

అందరికీ మంచే జరిగిందని చెప్పను. కొందరు కిమ్ బస్సెక్కారు, కొందరికి కడోదరాలో పని దొరికింది. నలుగురైదుగురు ఊళ్ళోనే ఉండిపోయారు, ఒకడు సిరిసిల్లలో చేరాడు. ఒక్క ఉద్యోగమైనా మా ఛానెల్ నిలబెట్టిందా అంటే, లేదు. ఆ సంగతి చాలా రోజులు నన్ను తొలిచింది.

దీపావళి సెలవులై కారఖానాలు తెరిచే రోజున, పనేమీ లేకపోయినా పొద్దున్నే ఉధనా వెళ్ళాను. ఏటా ఆ పొద్దున ఊళ్ళ నుంచి దిగినవాళ్ళు రైలు నుంచే నేరుగా, సంచీలతో సహా గేట్ల దగ్గరికి వచ్చేస్తారు. ఆ వీధిలో ప్రతి గేటు ముందూ మనుషులున్నారు. శేఠ్ పాత కారఖానాకు తాళం వేసి ఉంది. ఎదురుగా చాయ్ బండి దగ్గర గంటసేపు నిలబడ్డాను. తెలియక వచ్చి ఆ తాళం ముందు సంచీ పట్టుకుని నిలబడ్డ మనిషి ఒక్కడూ లేడు.